అమ్మకి పోయింది ఎడమ కన్ను కాదు

కంచం ముందు కూర్చుని అమ్మ, "ఊరగాయ వెయ్యలేదేటే?" అని మా ఆవిడని అడిగింది. వేసింది. ఉప్పూ, ఊరగాయా ఎప్పుడూ ఉండే చోటే, కంచంలో ఎడమ పక్కనే ఉన్నాయి. మా ఆవిడ కంచం కాస్త తిప్పితే, "ఓహో, ఇక్కడుందేటి" అని తినేసింది. రెండు రోజుల తర్వాత గది గుమ్మానికి ఎడమ భుజం కొట్టుకుంది. ఆ వారంలోనే పేపరు పక్కన పడేసి, "ఈ మధ్య ఈళ్లు వార్తలు సగం సగం రాస్తన్నార్రా" అంది.

డెబ్బై రెండేళ్ల మనిషి. శుక్లాలనుకున్నాం. ఆవిడ కూడా "ఎడం కన్ను ఆనట్లేదురా" అనే చెప్పింది. కళ్లద్దాల షాపులో నంబరు మార్చారు, తేడా లేదు. ఓ కంటి డాక్టరు చుక్కల మందు రాసి నెల తర్వాత రమ్మన్నాడు. నెల తర్వాత ఇంకో జత అద్దాలు. గోడ మీది అక్షరాలు చదివించిన ప్రతిసారీ అమ్మ తంటాలు పడి చదివేసింది. పక్క చూపు ఉందా లేదా అని మాత్రం ఎవరూ చూడలేదు. వాళ్లని అని లాభం లేదు. నేను జువాలజీ చెప్పుకుని బతికేవాణ్ణి. కంటి నరాలు అడ్డంగా దాటే బొమ్మని పాతికేళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను. ఇంట్లో అదే బొమ్మ నడిచి వస్తే నాకు తట్టడానికి రెండు నెలలు పట్టింది.

ఒక సాయంత్రం అమ్మని ఎదురుగా కూర్చోబెట్టి, "నా ముక్కు వైపే చూడు, వేలు కనబడగానే చెప్పు" అన్నాను. ఆవిడ ఎడమ వైపు నుంచి వేలు మెల్లగా లోపలికి తెచ్చాను. కుడి కన్ను మూయించి ఒకసారి, ఎడమ కన్ను మూయించి ఒకసారి. "బాగా ఉంది" అనుకున్న కుడి కంటితో చూస్తున్నా ఎడమ వైపు వేలు కనబడలేదు. రెండుసార్లూ, వేలు దాదాపు నా ముక్కు దగ్గరికి వచ్చాకే "ఆఁ, వచ్చింది" అంది. బద్ద పెట్టి గీసినట్టు, మధ్యలో.

బరంపురంలో స్కాన్ తీయిస్తే విషయం తేలింది. తల వెనక, కుడి వైపు, మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళం ఒకటి ఎప్పుడో మూసుకుపోయింది. పక్షవాతమే, కాకపోతే చెయ్యీ కాలూ పడిపోలేదు, మాట తడబడలేదు. కళ్లు రెండూ శుభ్రంగా ఉన్నాయి.

ఇక్కడే మన భాష మనల్ని మోసం చేస్తుంది. చూపు పోతే "కన్ను పోయింది" అంటాం, ఇంకో మాట లేదు. కానీ మెదడు పని పంచుకునేది కళ్ల లెక్కన కాదు, దిక్కుల లెక్కన. ఒక్కో రెటీనాలో, అంటే కంటి లోపల వెనకుండే తెరలో, ముక్కు వైపు సగం నుంచి బయల్దేరిన నరాలు దారిలో అవతలి వైపుకి దాటిపోతాయి. చెవి వైపు సగం నుంచి వచ్చేవి దాటకుండా తమ వైపే సాగుతాయి. చివరికి కుడి మెదడుకి చేరేది రెండు కళ్లూ చూసిన ఎడమ వైపు లోకం. మధ్యలో, మెదడు నడుమ ఉండే థాలమస్ అనే భాగంలో, ఒక మజిలీ ఉంది. అక్కడ ఆరు పొరలు, ఏ కంటి సరుకు ఆ కంటి పొరల్లోనే విడిగా. మెదడు వెనక భాగానికి, అంటే చూపు పని చేసే పైపొర, విజువల్ కార్టెక్స్‌లో మొదటి ప్రాంతమైన వి1కి చేరాక కూడా నాలుగో పొర దాకా ఆ తేడా కొనసాగుతుంది. రీసస్ కోతి మెదడులో అయితే అరమిల్లీమీటరు వెడల్పు చారలుగా, ఒకటి ఎడమ కంటిది, ఒకటి కుడి కంటిది. ఆ పొర దాటాకే రెండు కళ్లూ కలుస్తాయి.

మాది పర్లాకిమిడి. ఒడిశా, గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్రా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని రెండు ముక్కలు చేసి ఊరిని ఒడిశాలో కలిపారు. ఇక్కడే పాఠాలు చెప్పి, ఇక్కడే సవర భాష నేర్చుకుని దానికోసం పుస్తకాలు రాసిన గిడుగు రామమూర్తి గారు ఆ ఏడాదే ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మా తాత వెళ్లలేదు. మాకు ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, కూరగాయల బేరంలో ఏది ముందు నోటికొస్తే అది. ఇలాంటి చోట పుట్టినవాడికి పటం మీద గీతలంటే పుట్టుకతోనే అనుమానం ఉంటుంది. మెదడు బొమ్మల్లో రంగురంగుల గళ్లు చూసినా నాకు అదే అనుమానం. వి1 ఎర్రగా, వి2 పచ్చగా, వి4 నీలంగా, మధ్యలో నల్లటి గీతలు. పిల్లలు దాన్ని బట్టీ పట్టి, మెదడంటే తాసీల్దారాఫీసు అనుకుంటారు. గీతల సెక్షన్, రంగుల సెక్షన్, కదలికల సెక్షన్, మొహాల సెక్షన్, ఫైలు బల్ల మీంచి బల్లకి కదలడం. ఆ బొమ్మ పూర్తిగా అబద్ధం కాదు. కానీ సరిహద్దు అంటే ఏమిటో అది తప్పుగా నేర్పుతుంది.

ఒక్క గీత మాత్రం నిజంగా ఉంది, కంటికే కనబడుతుంది. 1776 డిసెంబరు 2న ఇటలీలోని పార్మాలో ఫ్రాంచెస్కో జెన్నారి అనే వైద్య విద్యార్థి, గడ్డకట్టించిన మెదడుని కోస్తుంటే వెనక భాగంలో బూడిదరంగు పైపొర మధ్య సన్నటి తెల్ల చార కనబడింది. 1782లో పుస్తకంగా అచ్చువేశాడు. ఆ చార దేనికో అతనికి తెలియదు. మైక్రోస్కోపు అక్కర్లేకుండా కనబడే ఆ చార ఎక్కడ ఆగిపోతుందో అక్కడే వి1 కూడా ఆగిపోతుంది. 1909లో కోర్బినియన్ బ్రోడ్‌మాన్ మెదడు పైపొరకి నంబర్లు వేసినప్పుడు దానికిచ్చిన నంబరు 17. ఆ పక్కనే 18, ఆ పక్క 19.

అదే 1909లో ఆ ప్రాంతం లోపల ఏముందో చెప్పినాయన తత్సుజి ఇనోయె, జపాను కంటి వైద్యుడు. 1904-05 రష్యా యుద్ధంలో తలకి తూటాలు తగిలి బతికిన సైనికులకి పెన్షన్ లెక్క కట్టడం ఆయన ఉద్యోగం. చూపు ఎంత పోతే అంత పెన్షన్. రష్యా తుపాకీ తూటా సన్నం, వేగం ఎక్కువ, నేరుగా దూసుకుపోయి చిన్న రంధ్రమే చేసేది. తూటా లోపలికెళ్లిన చోటు, బయటికొచ్చిన చోటు కలుపుతూ గీత గీసి, మెదడులో ఏ భాగం చెడిందో లెక్కగట్టి, ఆ సైనికుడికి చూపులో ఏ మూల పోయిందో పక్కన పెట్టి చూశాడు. పెన్షన్ ఆఫీసులో పుట్టిన విజ్ఞానం ఇంకేదైనా ఉందో లేదో గానీ, ఇది మాత్రం పుట్టింది. మొదటి ప్రపంచయుద్ధంలో గార్డన్ హోమ్స్ ఇంగ్లీషు సైనికుల గాయాలతో అదే పని మళ్లీ చేశాడు.

వాళ్లు చూసినదేమిటంటే, ఎదురుగా ఉన్న లోకం వి1 మీద పటంలా పరుచుకుని ఉంది. పక్కపక్కన ఉన్న చోట్లు మెదడులోనూ పక్కపక్కనే. కానీ కొలతలు మాత్రం దారుణంగా వంకర. రెండు పిడికిళ్లు పక్కపక్కన పెట్టి చేతులు చాపండి. చూపు మధ్యలో ఆ రెండు పిడికిళ్ల వెడల్పు గుండ్రం ఎంతో, సుమారుగా అంత మేరకే వి1లో సగం స్థలం. మిగతా ఆకాశం, నేల, అటు గోడ, ఇటు గోడ, అన్నీ మిగిలిన సగంలో సర్దుకోవాలి. జిల్లా పటం గీయమంటే బజారు వీధికి సగం కాగితం ఇచ్చేసి, కొండలన్నిటినీ మూలకి నెట్టేసినట్టు. న్యాయమేనా అంటే, కొమ్మ మీద కోతికి కావలసింది న్యాయం కాదు, పండు.

కోతి అన్నాను కాబట్టి చెప్పాలి. మా పెరట్లో జామచెట్టుని ఏటా దోచుకునే ఎర్రమూతి కోతులు లాబుల్లో వాడే జాతే, రీసస్. ఈ శాస్త్రంలో సగం దాని నెత్తి మీదే నడిచింది. 1982లో టూటెల్, ఆయన సహచరులు ఒక కోతికి బండిచక్రం లాంటి బొమ్మ చూపించారు, గుండ్రాలు, వాటిని కోస్తూ ఆకులు. బొమ్మ చూస్తుండగా రేడియోధార్మిక చక్కెర లాంటి పదార్థం ఎక్కించారు. పనిచేస్తున్న న్యూరాన్లు, అంటే మెదడులోని నాడీకణాలు, దాన్ని ఎక్కువగా పీల్చుకుంటాయి. తర్వాత వి1ని చపాతీలా పరిచి ఫిల్ము మీద పెడితే చక్రం అచ్చుపడింది. గుండ్రాలు దాదాపు నిటారు గీతలుగా సాగిపోయి, మధ్యభాగం విపరీతంగా ఉబ్బి. కోతి మెదడు మీద కోతి చూసిన బొమ్మ. ఆ ఫోటో క్లాసులో చూపించినప్పుడు ఒక పిల్లాడు అడిగాడు, "మరి ఆ బొమ్మని లోపల ఎవరు చూస్తారు సార్?" అని. పాతికేళ్లలో నాకెదురైన మంచి ప్రశ్నల్లో అదొకటి. ఎవరూ చూడరు. ఈ వంకర పటం చూడటానికి గీసింది కాదు, పని జరగడానికి పరిచింది.

ఏం పని? 1950ల చివర డేవిడ్ హ్యూబెల్, టోర్స్టెన్ వీసెల్ పిల్లి మెదడులో సన్నటి ఎలక్ట్రోడు దించి, చుక్కలు చూపించి చూపించి విసిగిపోయారు. న్యూరాన్ పలకలేదు. గాజు స్లయిడు మారుస్తుంటే దాని అంచు నీడ తెర మీద జారింది, న్యూరాన్ టపటపా మోగింది. దానికి చుక్క అక్కర్లేదు, ఒక వాలులో ఉన్న గీత కావాలి. పక్క న్యూరాన్‌కి కొద్దిగా వేరే వాలు. 1968లో కోతిలో కూడా ఇదే చూపించారు, 1981లో నోబెల్ వచ్చింది. ఈ కథ అందరికీ తెలిసిందే, ఇక్కడ ఆగను.

నన్ను ఆపేది వి1 అంచు. మెదడు పైపొర మీద చీమలా నడుస్తున్నామనుకోండి. వి1లో ముందుకి వెళ్తుంటే, కాలికింది న్యూరాన్లు చూసే చోటు చూపు పక్క నుంచి మెల్లగా మధ్యలోకి, ముక్కుకి ఎదురుగా ఉండే నిలువు గీత మీదకి జరుగుతూ వస్తుంది. సరిగ్గా ఆ నిలువు గీత దగ్గరికి వచ్చేసరికి వి1 అయిపోతుంది. ఇంకో అడుగు వేస్తే వి2. అక్కడ న్యూరాన్లు చూసేది కొత్త చోటుని కాదు, అదే నిలువు గీతని. ఇంకాస్త నడిస్తే వచ్చిన దారినే వెనక్కి పక్కకి మళ్లుతుంది. అద్దంలో బొమ్మలాగ. వి2 అవతలి అంచు దగ్గర మళ్లీ తిరుగుదల, ఈసారి అడ్డగీత దగ్గర. 1995లో సెరెనో, ఆయన బృందం మనుషుల్ని ఎంఆర్ఐలో పడుకోబెట్టి ప్రాంతాలు విడదీసింది ఈ తిరుగుదలలు పట్టుకునే. అంటే మెదడులో సరిహద్దు, లోకంలో ఒక భాగం అయిపోయి ఇంకో భాగం మొదలయ్యే చోటు కాదు. గీతకి అటు ఇటు ఉన్న ఇద్దరూ ఒకే చోటుని చూసే చోటు. నదికి ఈ ఒడ్డున మేము, ఆ ఒడ్డున పాతపట్నం వాళ్లు, మధ్యలో నీళ్లు ఇద్దరం చూస్తాం. రెవెన్యూ పటంలో అది అంచు. మాకు అదే నడిమధ్య.

ఇంకో సంగతి ఉంది. ఆ వి1-వి2 అంచు దగ్గరే కుడి మెదడుని ఎడమ మెదడుతో కలిపే కార్పస్ కలోజం నరాలు గుంపుగా వచ్చి దిగుతాయి. ఎందుకో ఊహించవచ్చు. ఎడమ లోకం కుడి మెదడులో, కుడి లోకం ఎడమ మెదడులో ఉంటే, రెండూ అతుక్కోవలసిన కుట్టు ఆ నిలువు గీతే. మీ ఎదురుగా ఉన్న మనిషి మొహం మధ్యలోంచి, ముక్కు మీదుగా, ఆ కుట్టు ఇప్పుడు కూడా పోతోంది. మీకు కనబడదు. పుట్టాక ఒక్కసారి కూడా కనబడి ఉండదు. మా అమ్మకి ఇప్పుడు కనబడాలి కదా, ఒక వైపు చచ్చిపోయింది కాబట్టి? అడిగాను.

"అమ్మా, ఎడం పక్క నల్లగా కనబడతాదా?"

"నలుపెక్కడిదిరా, అక్కడ ఏటీ లేదు. నీ ఈపు ఎనకాల నీకు నల్లగా కనబడతాదేటి?"

నా పాఠాలన్నిటికన్నా నయం ఆ మాట. చీకటి చూడాలన్నా దాన్ని చూసే న్యూరాన్లు ఉండాలి.

మిగతా గీతల సంగతికొస్తే, వి1 దాటి రెండడుగులు వెయ్యగానే కొటియా మొదలవుతుంది. కోరాపుట్ వైపు కొండల్లో ఆంధ్రా, ఒడిశా రెండూ మావేనంటున్న పల్లెలు అవి. అక్కడి జనం దగ్గర రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటు కార్డులు ఉంటాయి. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన గొడవ. విజువల్ కార్టెక్స్‌లో వి2 ముందున్న పట్టీ పరిస్థితి అచ్చం అలాగే ఉంది. ఒకరు దాన్ని ఒకే ప్రాంతం, వి3 అన్నారు. లోకం పై సగానిది ఒక ప్రాంతం, కింది సగానిది వేరే ప్రాంతం అని ఇంకొకరు పై సగానిదానికి వేరే పేరే పెట్టారు. అమెరికా ఖండపు కోతుల్లో అక్కడ పై సగం, కింది సగం రెండూ ఉన్న డీఎం అనే ప్రాంతం ఉందని మూడో వర్గం. మనుషుల్లో రంగులకి స్పందించే ప్రాంతాన్ని సెమీర్ జెకీ వి4 అంటే, 1998లో ఇంకో బృందం అది వి4 కాదు, వి8 అంది. కదలికల ప్రాంతానికీ రెండు కార్డులే. 1971లో ఆల్మన్, కాస్ ఔల్ మంకీ అనే అమెరికా ఖండపు కోతిలో దాన్ని ఎంటీ అన్నారు. అదే ఏడాది డబ్నర్, జెకీ రీసస్‌లో చూశారు, జెకీ తర్వాత వి5 అన్నాడు. వి1 అంచులాగ కంటికి కనబడే తెల్ల చార ఈ వివాదాల్లో ఎక్కడా లేదు. ఏ కొలత పట్టుకుని గీస్తే ఆ గీత వస్తుంది.

ఏ గడి పని ఆ గడిదే అనే అవతలి వాళ్ల వాదనలోనూ బలం ఉంది, దాచను. 1983లో జర్మనీ నుంచి ఒక రోగి వివరాలు వచ్చాయి. ఆమెకి రంగులు, ఆకారాలు కనబడతాయి, కదలిక కనబడదు. కప్పులో టీ పోస్తుంటే ధార గడ్డకట్టినట్టు నిలబడి ఉంటుంది, ఎప్పుడు ఆపాలో తెలియదు. రోడ్డు మీద దూరంగా ఉన్న కారు ఉన్నట్టుండి దగ్గరగా ఉంటుంది. ఒక్క పని ఇంత విడిగా పోగలదంటే ప్రాంతాల మధ్య పని విభజన నిజమే. నేను కాదంటున్నది విభజనని కాదు, గోడలని. 1991లో ఫెలెమన్, వాన్ ఎసెన్ రీసస్‌లో చూపుకి సంబంధించిన 32 ప్రాంతాలు, వాటి మధ్య 305 లంకెలు లెక్కగట్టి ఒక పెద్ద పటం వేశారు. పిల్లలకి గళ్లు గుర్తుంటాయి, లంకెలు గుర్తుండవు. ఆ లంకెల్లో ఎక్కువ భాగం రెండు వైపులా నడిచేవే. వి1 నుంచి పైకి ఎంత పోతుందో పైనుంచి వెనక్కి అంతకి తగ్గకుండా వస్తుంది. థాలమస్‌లోని ఆ మజిలీకి కూడా రెటీనా నుంచి వచ్చే కనెక్షన్లకన్నా మెదడు పైనుంచి దిగేవే ఎక్కువ. ఏ తాసీల్దారాఫీసులోనైనా ఫైలు పైనుంచి గుమాస్తా బల్ల మీదకి ఇన్నిసార్లు తిరిగొస్తే సస్పెన్షన్లు అయిపోతాయి.

గళ్ల మీద నా నమ్మకాన్ని పూర్తిగా కదిలించింది మాత్రం స్క్విరెల్ మంకీ, అమెరికా ఖండపు ఒక చిన్న కోతి. పైన చెప్పిన అరమిల్లీమీటరు చారలు గుర్తున్నాయి కదా, ఎడమ కన్ను, కుడి కన్ను అని. వాటి మీద ఎన్నో సిద్ధాంతాలు కట్టారు. 2003లో ఆడమ్స్, హార్టన్ స్క్విరెల్ మంకీలని పరిశీలిస్తే కొన్నిట్లో చారలు చక్కగా ఉన్నాయి, కొన్నిట్లో అసలు లేనట్టే. ఒకే జాతి! చారలు లేని కోతి కొమ్మ తప్పి పడిపోవటం లేదు. అంటే మనం పుస్తకాల్లో ఎంతో అందంగా అచ్చువేసుకున్న ఆ నేత, చూపుకి అవసరమో కాదో కూడా చెప్పలేం. నేతలో అంచు కుదిరింది కదా అని అంచు వల్లే చీర నిలబడిందనకూడదు.

అమ్మ సంగతి చెప్పి ఆపుతాను. చూపు తిరిగి రాలేదు. చచ్చిన భాగం చచ్చినట్టే ఉంది. సరిగ్గా మధ్యలో కొద్ది మేర మాత్రం మిగిలింది. వి1 చిట్టచివరి కొసకి ఇంకో నాళం నుంచి కూడా కొంత రక్తం అందుతుంది, అందుకే మిగులుతుందని చెబుతారు. గోడ మీది అక్షరాలు చదవగలిగింది ఆ కొసతోనే. పేపరుకి ఒక ఉపాయం చేశాం. కాలమ్ ఎడమ అంచున ఎర్రదారం అంటించిన అట్టముక్క పెడతాను. దారం కనబడేదాకా చూపు ఎడమకి జరపాలి, అప్పుడు వరస మొదలు దొరుకుతుంది. మొదటివారం తిట్టింది. ఇప్పుడు దారం లేకుండానే మెడ తిప్పేస్తోంది. పాతపట్నం సంతలో కూడా, ఎడమ వైపు నుంచి ఆటో వస్తుందేమోనని పది అడుగులకోసారి తల తిప్పుతుంటే, తెలియనివాళ్లు ఎవరికోసమో వెతుకుతోందనుకుంటారు.

మొన్న మా ఆవిడ, కనబడుతుంది కదా అని, ఊరగాయ కుడి పక్కన వేసింది. అమ్మ కంచం వైపు ఒక క్షణం చూసింది. "ఊరగాయ కుడి పక్క ఏస్తారేటే ఎవరైనా?" అని, రెండు చేతులా కంచం పట్టుకుని గిర్రున తిప్పేసి, ఊరగాయని తనకి కనబడని వైపు పెట్టుకుని, మెడ తిప్పి, కలుపుకుని తింది.